రోనాల్డ్ రాస్
సర్ రోనాల్డ్ రాస్ (మే 13, 1857 - సెప్టెంబరు 16, 1932) మలేరియా వ్యాప్తికి దోమలే కారణమని నిరూపించిన వైద్యుడు. అందుకు ఆధారమైన ముఖ్య పరిశీలన సికింద్రాబాదులో జరిగింది.

రాస్ అల్మోరాలో జన్మించాడు. సాహిత్యంపై మక్కువ ఉన్నా, తండ్రి కోరికపై లండనులో వైద్యం చదివి 1881లో ఇండియన్ మెడికల్ సర్వీసులో చేరాడు. 1888లో సెలవుపై లండను వెళ్ళి ప్రజారోగ్యంలో డిప్లొమా పొందాడు, సూక్ష్మజీవశాస్త్రం అభ్యసించాడు. కీటకశాస్త్రంలో మాత్రం ఆయనకు శిక్షణ లేదు. ఈ లోటుకు మూల్యం పెద్దదే. పాట్రిక్ మాన్సన్ ప్రోత్సాహంతో 1895 నుండి సికింద్రాబాదులో ఆయన కోసి చూసిన దోమలు చాలావరకు క్యూలెక్స్, ఈడిస్ రకాలు. మనుషుల మలేరియాను మోసేవి అవి కావు. శాస్త్రీయ నామాలు తెలియక, రంగును బట్టి దోమలకు తానే పేర్లు పెట్టుకున్నాడు.

1897 ఆగస్టులో, లార్వాల నుండి పెంచిన మచ్చల రెక్కల దోమలచేత (ఇవి అనాఫిలిస్) హుసేన్ ఖాన్ అనే రోగిని కుట్టించాడు. ఒక్కో దోమకు ఒక అణా చొప్పున ఆ రోగికి చెల్లించాడు. ఆగస్టు 20న అటువంటి దోమ జీర్ణాశయపు గోడలో, మలేరియా పరాన్నజీవికి గుర్తయిన నల్లని రేణువులు గల కణాలు కనిపించాయి.

1898లో కలకత్తాలో పక్షుల మలేరియాను తీసుకుని, పరాన్నజీవి దోమ లాలాజల గ్రంథులకు చేరి కాటు ద్వారా సోకుతుందని చూపాడు. మనుషుల విషయంలో ఈ చక్రాన్ని అదే సంవత్సరం ఇటలీలో గ్రాసీ బృందం నిరూపించింది. ఈ ఘనత ఎవరిదనే విషయమై ఇద్దరి మధ్య తీవ్ర వివాదం నడిచింది. 1902 నోబెల్ బహుమతి రాస్‌కే దక్కింది.