ఒకే బల్లయొద్ద – అబ్షాలోము జోన్స్ జీవితము

1793 ఆగస్టు 22వ తేదీన అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెద్ద చెట్ల నీడను ఒక విందు జరిగెను. నల్లజాతి క్రైస్తవులు తమకొరకు కట్టుకొనుచున్న దేవాలయమునకు పైకప్పు ఎత్తిన సందర్భమది. పనిచేసిన వడ్రంగులు మొదలైన తెల్లవారు సుమారు నూరుమంది బల్లయొద్ద కూర్చుండగా నల్లవారు వడ్డించిరి. ఇంతవరకు ఆ దేశములో ఎవరికిని వింత కాదు. అయితే వారు లేచిన పిమ్మట దాదాపు ఏబదిమంది నల్లవారు అదే బల్లయొద్ద కూర్చుండిరి. ఈసారి తెల్లవారు వడ్డించిరి. పంక్తిలో ఎవరు కూర్చుందురో, ఎవరు వడ్డింతురో అనుదానికి ఎంత అర్థమున్నదో మన దేశస్థులకు వేరుగా చెప్పనక్కరలేదు. ఆ నగరమందలి ప్రసిద్ధ వైద్యుడు బెంజమిన్ రష్ తన భార్యకు వ్రాసిన ఉత్తరమువలన ఈ విందు సంగతి మనకు తెలియుచున్నది.

ఆ దేవాలయమును కట్టుటలో ముందు నిలిచినవాడు అబ్షాలోము జోన్స్.

ఆయన 1746లో డెలావేర్ ప్రాంతమున బానిసగా జన్మించెను. బాల్యమందే యజమానుని ఇంట పనికి తీసికొనబడి, అతిథులు అప్పుడప్పుడు ఇచ్చిన చిల్లర కాసులను దాచుకొని అక్షరముల పుస్తకమును, క్రొత్త నిబంధనను కొనుక్కొనెను; అక్షరము తెలిసినవారినెల్ల బతిమాలి చదువు నేర్చుకొనెను. పదునారేండ్ల ప్రాయమున ఆయన తల్లియు, అయిదుగురు సోదరులును, సోదరియు అమ్మివేయబడిరి. ఆయన మాత్రము యజమానునితో ఫిలడెల్ఫియాకు వచ్చి, పగలు దుకాణములో పనిచేయుచు, రాత్రి బడిలో చదువుకొనుచుండెను.

1770లో మేరి అను బానిస స్త్రీని వివాహమాడెను. ఆయన మొదట తన విడుదలకొరకు ప్రయత్నింపలేదు. భార్య విడుదలకొరకే ప్రయత్నించెను. బిడ్డలు తల్లి స్థితినే పొందుదురని నాటి చట్టము. తల్లి బానిసయైన బిడ్డయు బానిసయే. కావున క్వేకర్లను, ఇతర మిత్రులను ఆశ్రయించి, అప్పుచేసి, రాత్రింబవళ్లు శ్రమించి ఆమె వెల చెల్లించెను. తన విషయమై యజమానుని పలుమారులు వేడుకొనెను గాని, ఆ విడుదల 1784లో గాని లభింపలేదు. అప్పటికి ఆయనకు దాదాపు ముప్పది యెనిమిదేండ్లు. స్వతంత్రుడైన తరువాతను ఆ యజమానుని దుకాణముననే జీతమునకు పనిచేసెను.

అప్పట్లో ఆయన సెయింట్ జార్జి మెథడిస్టు దేవాలయమునకు వెళ్లుచుండెను. ఆయనయు, మిత్రుడైన రిచర్డ్ అలెనును చేసిన పరిచర్యవలన నల్లవారు అనేకులు అచ్చటికి రాసాగిరి. వారి సంఖ్య పెరిగినకొలది వారిని వెనుకకు, గోడల ప్రక్కకు, చివరకు మేడమీదికి పంపిరి. ఒక ఆదివారము ప్రార్థన జరుగుచుండగా, మోకాళ్లపైనున్న జోన్స్‌ను సంఘ ధర్మకర్తలలో ఒకడు పట్టి లేవనెత్త జూచెను. ప్రార్థన ముగియువరకు ఓపిక పట్టుమని జోన్స్ బతిమాలెను, అతడు వినలేదు. ప్రార్థన ముగియగానే నల్లవారందరు కలిసి బయటికి నడచిరి. రోగులను, విధవరాండ్రను ఆదుకొనుటకై జోన్స్, అలెన్ 1787 ఏప్రిలులో స్థాపించిన ఆఫ్రికన్ స్వతంత్ర సమాజమే క్రొత్త దేవాలయమునకు మూలమయ్యెను.

చెట్లక్రింది విందు జరిగిన ఆ రోజులలోనే నగరములో పచ్చజ్వరము వ్యాపింపసాగెను. ఏబదివేల జనములో సుమారు అయిదువేలమంది ఆ శరదృతువునకే మరణించిరి. శక్తిగలవారు వేలకొలదిగా పారిపోయిరి. భర్తను భార్యయు, తండ్రిని కుమారుడును విడిచిపోయిన యిండ్లుండెను. నల్లవారికి ఈ జ్వరము సోకదని డాక్టరు రష్ నమ్మి, రోగులకు పరిచర్య చేయుడని వారిని వేడుకొనెను. ఆ నమ్మకము పొరపాటు. దోమలవలన ఆ జ్వరము వ్యాపించునని 1900లో గాని రుజువు కాలేదు. అయినను జోన్స్, అలెన్ ఇంటింటికి తిరిగిరి, దాదులను కుదిర్చిరి, ఎవరును ముట్టని శవములను మోయించి పూడ్పించిరి. 1792లో నగరమున పూడ్చబడిన నల్లవారు 67 మంది కాగా, 1793లో 305 మంది. వీరిలో అనేకులు పరిచర్య చేయుచు చనిపోయినవారే.

జ్వరము తగ్గిన పిమ్మట మాథ్యూ కేరీ అను ప్రచురణకర్త ఆ విపత్తును గూర్చి పుస్తకము వ్రాసి, జోన్స్‌ను, అలెన్‌ను మెచ్చుకొనుచునే, నల్లవారిలో కొందరు రోగులను దోచుకొనిరని నిందమోపెను. ఆ దినములలో కొంతకాలము ఆయన నగరము విడిచియుండెను! తమ్మును పొగడి తమ జనమును దూషించుట ఆ యిరువురికి రుచింపలేదు. 1794లో వారు ఒక చిన్న పుస్తకము ప్రకటించిరి. అందులో కోపముకంటె లెక్కలే యెక్కువ. శవములను పూడ్చుటకై వచ్చిన సొమ్ము 233 పౌనులు, కూలివాండ్రకును శవపేటికలకును అయిన ఖర్చు 411 పౌనులు. అనగా 177 పౌనులకు పైగా వారి స్వంత సొమ్మే పోయెను. తెల్లవారిలో దోచుకొన్నవారిని, నల్లవారిలో వేతనము ముట్టక సేవచేసినవారిని వారు ప్రక్కప్రక్కన చూపిరి.

1794 జూలై 17న సెయింట్ థామస్ ఆఫ్రికన్ దేవాలయము ప్రతిష్ఠింపబడెను. అలెన్ మెథడిస్టుగానే నిలిచి వేరొక సంఘము కట్టుకొనగా, జోన్స్ సంఘము ఎపిస్కోపల్ సంఘమున చేరెను. త్రోవలు వేరైనను స్నేహము చెడలేదు. 1795లో జోన్స్ డీకనుగాను, పిదప గురువుగాను అభిషేకింపబడి, ఎపిస్కోపల్ సంఘమున మొదటి నల్లజాతి గురువయ్యెను.

1799లో ఆయనయు, మరి డెబ్బదిమంది స్వతంత్రులైన నల్లవారును బానిస వ్యాపారమునకు విరోధముగా అమెరికా కాంగ్రెసుకు విన్నపము పంపిరి. 1800 జనవరిలో ప్రతినిధుల సభ 85 వోట్లతో దానికి ఆదరణ నిరాకరించెను; ప్రతికూలముగా పడిన వోటు ఒక్కటే. 1808 జనవరి 1న విదేశములనుండి బానిసలను దిగుమతి చేయుట నిషేధింపబడినప్పుడు, సెయింట్ థామస్‌లో ఆయన కృతజ్ఞతా ప్రసంగము చేసెను. అమెరికాలో బానిసత్వము మాత్రము ఇంకను మిగిలియుండెను.

జోన్స్ 1818 ఫిబ్రవరి 13న నిద్రించెను. ఎపిస్కోపల్ సంఘము ఇప్పుడు ప్రతి సంవత్సరము ఆ దినమున ఆయనను స్మరించుచున్నది. ఆయన మరణించిన నాటికి సెయింట్ థామస్ సంఘమునకు డయోసిస్ మహాసభలో ఆసనము లేకుండెను.