రేసుకారు తయారుచేసిన కరివర్ధన్ గారు

మన గోడపత్రికలో నాయకుల జీవితాలు, కవుల జీవితాలు చాలా వచ్చాయి. ఈసారి నేను ఇంజన్లంటే ప్రాణం పెట్టిన ఒకాయన గురించి రాస్తున్నాను. ఎందుకంటారా, చివరిదాకా చదవండి.

ఆయన పేరు ఎస్. కరివర్ధన్. అందరూ కరి అని పిలిచేవారు. 1954లో పుట్టారు. ఊరు తమిళనాడులోని కోయంబత్తూరు. అక్కడ తెలుగు మాట్లాడే కుటుంబాలు తరతరాలుగా ఉన్నాయి. లక్ష్మీ మిల్స్ నడిపింది అలాంటి కుటుంబమే. కరి గారు ఆ ఇంటి బిడ్డ, అంటే కలిగినవారే. ఆ సంగతి దాచి రాస్తే బాగోదు. కానీ ఆయన మిల్లు లెక్కలతో సరిపెట్టుకోలేదు, ఇంజన్ల దగ్గరికి వెళ్లారు.

ఆ రోజుల్లో మద్రాసు దగ్గర శోళవరంలో రేసులు జరిగేవి. రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానాల రన్‌వే మీదే కార్లు పరిగెత్తేవి. కరి గారు అక్కడ రేసులు నడిపారు. అసలు సిసలు రేసుకారు కావాలంటే బయటదేశం నుంచి రావాలి. మామూలు కుర్రాడికి అది అయ్యే పనేనా?

అందుకని ఆయన సూపర్ స్పీడ్స్ అనే సంస్థ పెట్టి ఇక్కడే రేసుకార్లు కట్టారు. 1988లో వచ్చిన ఫార్ములా మారుతి వాటిలో పేరున్నది. ఒక్కటే సీటు. పైకప్పు లేదు. చక్రాలు బయటకే కనిపిస్తాయి. మరి ఇంజనేటి? మారుతి 800 ఇంజనే! 796 సీసీ, మూడు సిలిండర్లు. మన రోడ్ల మీద తిరిగిన మారుతి కారులో ఉన్నదే.

ఇందులో కిటుకు ఏటంటే, అందరి ఇంజనూ ఒకటే రకమైతే డబ్బు తేడా తగ్గిపోతుంది. నడిపే చేతికీ, ఇంజను సరిచేసే చేతికీ విలువ వస్తాది. ఆ కాలంలో సరిచేయడం అంటే ముఖ్యంగా కార్బురేటర్ పనే.

కార్బురేటర్ పెట్రోలుని గాలిలో కలిపి ఇంజనుకి ఇస్తాది. దాని మధ్యలో ఇరుకైన గొంతు ఉంటుంది. ఇంజను గాలి లాగితే ఆ గొంతులో గాలి వేగం పెరిగి ఒత్తిడి తగ్గుతుంది. అప్పుడు గిన్నెలోని పెట్రోలు జెట్టు అనే సన్న కన్నంలోంచి వచ్చి తుంపరగా కలుస్తుంది. నీళ్ల ట్యాంకులో బంతి ఎలాగో, గిన్నెలో ఫ్లోటు అలాగ. ఒక వంతు పెట్రోలు పూర్తిగా కాలాలంటే తూకంలో సుమారు 14.7 వంతుల గాలి కావాలి. రేసులో బలం కోసం ఆ గాలిని 12, 13 వంతులకి తెస్తారు. గాలి మరీ తగ్గితే నల్లపొగ. పెట్రోలు మరీ తగ్గితే ఇంజను వేడెక్కి పిస్టనే పాడైపోతాది.

బిగించేటప్పుడు ముందు ప్యాకింగ్ చూడాలి. గాలి దొంగదారిన దూరితే తర్వాత ఎంత తిప్పినా దండగే. కాలు పూర్తిగా తొక్కితే లోపలి బిళ్ల పూర్తిగా తెరుచుకోవాలి. వదిలితే వెంటనే వెనక్కి రావాలి. ఇంజను వేడెక్కాకే స్లో సరిచేయాలి. ఆ తర్వాత కారుని గట్టిగా పరిగెత్తించి, ఆపి, ప్లగ్గు విప్పి చూడాలి. లేత గోధుమరంగు ఉంటే సరి. తెల్లగా ఉంటే పెట్రోలు తక్కువ. నల్లమసి పడితే ఎక్కువ. దాన్నిబట్టి జెట్టు మార్చాలి. ఒకసారికి ఒక్క మార్పే చేయాలి. రెండూ కలిపి చేస్తే దేనివల్ల బాగయిందో తెలీదు. ఊటీ లాంటి ఎత్తుకి వెళ్తే గాలి పలచన, అక్కడ చిన్న జెట్టు కావాలి. మలుపులో గిన్నెలోని పెట్రోలు ఒక పక్కకి ఒరిగిపోతాది, అదీ చూసుకోవాలి. ఇదంతా మన సైన్సు పాఠమే కదా!

నారాయణ్ కార్తికేయన్ 1990ల మొదట్లో ఫార్ములా మారుతితోనే రేసులు మొదలుపెట్టాడు. 2005లో ఫార్ములా వన్ నడిపిన మొదటి భారతీయుడయ్యాడు. అది చూడ్డానికి కరి గారు లేరు. 1995లో విమాన ప్రమాదంలో చనిపోయారు. కోయంబత్తూరు దగ్గర చెట్టిపాళెంలోని రేసు ట్రాకుకి ఆయన పేరే పెట్టారు, కరి మోటార్ స్పీడ్‌వే అని.

ఇప్పుడు కొత్త కార్లలో, బైకుల్లో కార్బురేటర్ లేదు, ఇంజెక్షన్ వచ్చింది. కానీ పాత బళ్లలో ఉంది. జీడితోటల్లో మందు కొట్టే పెట్రోలు స్ప్రేయర్లలోనూ ఉంది. జొరమొచ్చిన మనిషిని కొండమీద నుంచి ఆస్పత్రికి దింపుతున్న బండి దారిలో ఆగిపోతే, తెలిసిన చెయ్యి ఒకటి ఉండాలా వద్దా?

పది తప్పినవాడే మెకానిక్ అవుతాడని మనలో చాలామంది అనుకుంటారు. మా నాన్నకి నేను టీచర్ని అవ్వాలని ఉంది. నాకు మాత్రం పది మంచి మార్కులతో పాసయ్యి ఐటీఐలో మోటార్ మెకానిక్ చేరాలని ఉంది. మిల్లు యజమానుల ఇంటి బిడ్డకి చేతికి గ్రీజు అంటడం నామోషీ కాకపోతే, మనకెందుకు నామోషీ?

వార్డెన్ గారికీ, సైన్సు మాస్టారికీ ఒక మనవి. పాడైన స్ప్రేయరు ఒక్కటి మన ల్యాబులో పెట్టించండి. విప్పుతాం, కడుగుతాం, మళ్లీ బిగిస్తాం.

– 10వ తరగతి విద్యార్థి