రహీం సాబ్, గీత బయట మనం

మనం చదువుకునే రోజుల్లో డ్రిల్లు మాస్టారు తరచూ రహీం సాబ్ పేరు తలచేవారు. అప్పుడు చెవికెక్కలేదు. పన్నెండేళ్ల కిందట మా అబ్బాయి ఫుట్‌బాల్ మ్యాచ్‌కి వెళ్లి, గీత బయట నిలబడి ఆటంతా అరిచాను. వాడు బంతి పోగొట్టుకున్నప్పుడల్లా తిట్టాను. రెఫరీగా ఉన్న కుర్రాణ్ణీ వదల్లేదు. ఇంటికొచ్చి వాడు బూట్లు అటకెక్కించాడు. మళ్లీ దించలేదు. ఆ తర్వాతే రహీం సాబ్ జీవితం శ్రద్ధగా చదివాను.

సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో చదువుకుని బడిపంతులయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీసు జట్టుకు కోచ్ అయ్యారు. ఆ జట్టు వరసగా 5 సార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951 ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. పిల్లలకు బంతిని కాళ్ల దగ్గరే అట్టేపెట్టుకునే అలవాటు పోవాలని, వెంటనే పాస్ ఇచ్చి తీరాలనే నిబంధనతో పోటీలు పెట్టించారు. నేర్పవలసింది ముందే నేర్పే పంతులు ఆయన.

1962 జకార్తా ఆసియా క్రీడలనాటికి ఆయనకు క్యాన్సర్. ఇజ్రాయెల్, తైవాన్‌లను ఆ క్రీడలకు రానివ్వకపోవడాన్ని ఒక భారత అధికారి తప్పుపట్టారని అక్కడి జనం మన దేశంపై మండిపడుతున్నారు. దక్షిణ కొరియాతో ఫైనల్‌కు దాదాపు లక్షమంది వచ్చారు. మనవాళ్లను ఆటంతా గేలి చేస్తూనే ఉన్నారు. అదే కొరియా చేతిలో మనం మొదటి మ్యాచ్ ఓడిపోయాం. అయినా తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రక్షణ వరస నుంచి ముందుకు తెచ్చి ఆడించారు రహీం సాబ్. పి.కె. బెనర్జీ ఒక గోల్, జర్నైల్ ఒక గోల్ కొట్టారు. 2-1తో స్వర్ణం మనదైంది. మరుసటి ఏడు జూన్‌లో రహీం సాబ్ కన్నుమూశారు.

లక్ష గొంతుల్ని తట్టుకున్నవాళ్లు ఆరితేరిన ఆటగాళ్లు. వాళ్ల వెనక అలాంటి గురువు ఉన్నారు. పన్నెండేళ్ల పిల్లవాడి సంగతి వేరు. కన్నతండ్రి గొంతు ఒక్కటి చాలు, వాడికి అదే లక్షమంది పెట్టు. ఈ లెక్క నాకు ఆలస్యంగా తెలిసింది. అటక మీది బూట్లు ఇప్పుడు మావాడికి పట్టవు.

మిత్రులారా, ఈ స్వర్ణోత్సవాల్లో మన బడి పిల్లలు ఆడతారు. మనలో చాలామందిమి తాతలం కూడా అయ్యాం. చూడ్డానికి తప్పక రండి. ఎటు పరుగెత్తాలో చెప్పే పని వాళ్ల పి.ఇ.టి. గారికి వదిలేద్దాం. విజిల్ సంగతి రెఫరీ చూసుకుంటారు. మంచి ఆట ఎవరు ఆడినా, అవతలి బడి పిల్లలైనా సరే, చప్పట్లు కొడదాం. ఓడి వచ్చిన పిల్లవాడికి ముందు మంచినీళ్లు ఇద్దాం. ఆట గురించి వాడే ఎత్తితే అప్పుడు మాట్లాడదాం.