ఎర్నెస్టు షాకల్టను దొర

ఐర్లండు దేశమున 1874లో జనించిన షాకల్టను దొర 1909లో దక్షిణధ్రువమునకు 97 సముద్రపు మైళ్లు మాత్రమే మిగిలియుండగా, తోడివారు ఆకలిచే కృశించుట గాంచి వెనుకకు మరలెను.

1914లో అంటార్కిటికా ఖండమును అడ్డముగా దాటగోరి, ఎండ్యూరెన్సు అను చిన్న యోడలో 27 మందితో మరల బయలుదేఱెను. 1915 జనవరిలో ఓడ మంచులో చిక్కుకొని, నవంబరులో నలిగి మునిగెను. అందఱును మంచుపై మాసములు గడపి, పడవలలో ఎలిఫెంటు ద్వీపము చేరిరి. షాకల్టను అయిదుగురితో చిన్న పడవలో 800 మైళ్ల ఘోరసముద్రము దాటి, దక్షిణ జార్జియా దీవిని చేరి, సహాయమర్థించి, నాలుగవ యత్నమున 1916 ఆగస్టు 30న తక్కిన 22 మందిని రక్షించెను. 1922 జనవరి 5న మఱియొక యాత్రలో ఆ దీవియొద్దనే, ఓడలో కన్నుమూసెను.

విద్యార్థులారా! ఆయన కోరిన గమ్యములు రెండును చేజాఱెను. అయినను ఎండ్యూరెన్సులో తన్ను నమ్మి వచ్చినవారిలో నొక్కడైనను నశింపలేదు. మంచి కాపరి గెలుపు ఇట్టిదే.