కాటను దొరగారి కార్యనిర్వహణము

వేలకొలది జనులు పనిచేయు గొప్ప సాంకేతిక సంస్థను నడపువాడు ఎట్టివాడై యుండవలెను? ఈ ప్రశ్నకు ప్రత్యుత్తరము వెదకుటకై కోనసీమ విద్యార్థులు దూరదేశములకు పోనక్కరలేదు. మన చేలకు నీరు తెచ్చు కాలువల చరిత్రమును తెలిసికొనిన చాలును.

సర్ ఆర్థరు థామస్ కాటనుగారు 1803 వ సంవత్సరము మే నెల 15 వ తేదీన ఇంగ్లాండులో జన్మించిరి. 1821 లో మద్రాసు ఇంజనీర్ల దళమున పనిచేయుటకై ఈ దేశమునకు వచ్చిరి. 1836 లో తంజావూరు ప్రాంతమున కొల్లిడము నదిపై ఆనకట్టలు కట్టించి ప్రసిద్ధులైరి.

ఆ దినములలో గోదావరి మండలము మిక్కిలి దీనస్థితిలో నుండెను. 1833 లో కరవును, 1839 లో తుపానును ప్రజలను పీడించెను. నది నిండుగా పారి సముద్రమున కలియుచుండగా దాని చెంతనే చేలు ఎండుచుండెను. కాటనుగారు ఆ సీమను పరీక్షించి, ధవళేశ్వరమువద్ద ఆనకట్ట కట్టవచ్చునని దొరతనమువారికి నివేదించిరి. 1846 చివర అనుమతి లభించెను. 1847 లో పని ప్రారంభమయ్యెను.

ఆయన కోరినంతమంది ఇంజనీర్లుగాని చేతిపనివారుగాని మొదట దొరకలేదు. అయినను ఆయన ధవళేశ్వరముననే నివసించి, అచ్చటి కొండరాతినే త్రవ్వించి పని సాగించిరి. పనిచోటనే యుండుటచేత, చిక్కు కలిగిననాడే దానిని చక్కదిద్దుటకు వీలు కలిగెను. కూలివారిని సమకూర్చి పని నడిపించుటలో వీణం వీరన్నగారను తెలుగు ఉద్యోగి ఆయనకు కుడిభుజముగా నుండెను.

1848 లో కాటనుగారికి జబ్బుచేయగా, పని ఓర్ అను కెప్టెనుకు అప్పగించి ఆస్ట్రేలియాకు వెడలిరి. 1850 లో తిరిగి వచ్చువరకు పని నిలువలేదు. నాయకుడు లేనప్పుడును సాగు పనియే ఆ నాయకుని సామర్థ్యమునకు సాక్ష్యము గదా! ధవళేశ్వరము, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరము అను నాలుగు భాగములుగా, రెండుమైళ్లకు మించిన ఆనకట్ట 1852 నాటికి పూర్తియయ్యెను. వైనతేయపాయ మీదుగా రాజోలు వైపునకు నీరు తెచ్చుటకై, గన్నవరమువద్ద 49 కమానుల అక్విడక్టును హేగ్ అను పిన్నవయస్కుడగు ఇంజనీరు కట్టించెను.

ఇక రెండవ పక్షమును చూడుడు. కాటనుగారి ప్రోత్సాహముననే మద్రాసు ఇరిగేషను కంపెనీ యేర్పడి, తుంగభద్రనుండి కర్నూలు, కడపలకు కాలువ త్రవ్వించెను. డైరెక్టర్లు లండనులో నుండిరి. లాభము వచ్చినను రాకున్నను వాటాదారులకు నూటికి 5 వంతున వడ్డీని దొరతనమువారే పూచీపడిరి. వ్యయము అంచనాను మించెను. రైతులు తలచినంత నీరు కొనలేదు. తుదకు 1882 లో దొరతనమువారే ఆ కాలువను కొనవలసి వచ్చెను. ఆలోచన ఒక్కరిదే, ఇంజనీరింగు విద్య ఒక్కటే. ఒకచోట నడపువాడు పనిచెంత నుండెను. మరియొకచోట నష్టము తగులనివారు దూరమున నుండిరి.

కాటనుగారు 1899 జూలై 24 న పరమపదించిరి. పాత ఆనకట్టకు బదులుగా కట్టబడిన బ్యారేజికి ఆయన పేరే పెట్టబడినది.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు పెద్ద సంస్థలలో అధికారులు కాగలరు. అప్పుడు పనిచోటును, పనివానిని ఎరిగియుండుడు. తోడివారికి పని అప్పగించుటకు జంకకుడు. నష్టములో మీకును పాలున్నదని మరువకుడు.