అతిథియే ఆతిథేయుడు: కె. టి. పాల్ జీవితము

మొదటి ప్రపంచ యుద్ధము ముగిసిన దినములలో చదువు నిమిత్తము లండను చేరిన భారతీయ విద్యార్థికి మొట్టమొదట ఎదురైన పరీక్ష విశ్వవిద్యాలయము పెట్టినది కాదు. తల దాచుకొనుటకు గది దొరకుటయే ఆ పరీక్ష. గదులు అద్దెకు కలవను పలక కిటికీలో కనబడుచుండగనే, తలుపు తట్టినవాని శరీరవర్ణము చూచి, గది ఇప్పుడే నిండినదని చెప్పు ఇంటి యజమానురాండ్రు ఆ నగరమున కొల్లలుగా నుండిరి. స్వగృహమున పదిమంది నడుమ కూర్చుండి భుజించుటకు అలవాటుపడిన యువకుడు చలిగదిలో ఒంటరిగా రొట్టె తినుచు, ఒక్క ఆంగ్ల కుటుంబపు గడపయైనను త్రొక్కకయే నెలలు గడపుచుండెను. తనకు మిషనెరీలను పంపిన దేశము ఇదియేనా యని అతడు తలపోసినయెడల అతని తప్పుపట్టగలవారెవరు?

ఈ స్థితిని చూచి ఊరకుండలేకపోయిన భారతీయ క్రైస్తవుడు కనకరాయన్ తిరుసెల్వం పాల్. కె. టి. పాల్ అను పొట్టి పేరుతోనే ఆయన దేశమంతట ప్రసిద్ధుడయ్యెను.

ఆయన 1876 మార్చి 24న సేలము పట్టణమున ఒక తమిళ క్రైస్తవ కుటుంబములో జన్మించెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో పట్టము పొంది, న్యాయశాస్త్రమును కూడ అభ్యసించి, కొంతకాలము ప్రభుత్వ సచివాలయమున ఉద్యోగము చేసెను. అచ్చటనే నిలిచియున్నయెడల మంచి జీతము, ఆపైన పింఛను దొరకియుండును. అయితే ఆయన మనస్సు బోధనవైపు మొగ్గెను. చిత్తూరు సీమలోని పుంగనూరులో ఆర్కాటు మిషను ఉన్నత పాఠశాలకు ఆయన ప్రధానోపాధ్యాయుడుగా నుండెను. ఈ సంగతి మన తెలుగు సంఘములు బొత్తిగా మరచినవి. తరువాత తాను చదివిన కళాశాలలోనే చరిత్ర బోధించెను.

1905 డిసెంబరు 25న, క్రిస్మస్ దినమున, శ్రీరాంపూరులోని కేరీ గ్రంథాలయమునందు 17 మంది ప్రతినిధులు కూడి నేషనల్ మిషనెరీ సొసైటీని స్థాపించిరి. భారతీయులే పనివారై, భారతీయుల ధనముతోనే, భారతీయుల యాజమాన్యము క్రిందనే సువార్తసేవ జరుగవలెనన్నది దాని సంకల్పము. ఆ స్థాపకులలో పాల్ ఒకడు, వేదనాయకం శామ్యూల్ అజరయ్య మరియొకడు. అజరయ్య డోర్నకల్ ప్రాంతమునకు సువార్తికుడుగా వెళ్ళిన పిమ్మట ఆ సొసైటీ కార్యదర్శి భారము పాల్ భుజములపై పడెను.

ఈ ఇద్దరు మిత్రులలో అజరయ్య 1910లో ఎడింబరో మహాసభయందు చేసిన ప్రసంగమును ఇచ్చట స్మరింపక తప్పదు. మిషనెరీలు ధనమిచ్చిరి, ప్రాణములను సహితము ఇచ్చిరి. స్నేహమును మాత్రము ఇంకను ఇయ్యలేదని ఆయన ఆ సభలో మొగమాటము లేక చెప్పెను. కూడిన వారిలో పలువురు నొచ్చుకొనిరి. అజరయ్య నోట ఫిర్యాదుగా వెలువడిన ఆ సంగతి పదియేండ్ల తరువాత పాల్ చేతిలో కార్యరూపము దాల్చినది. మిత్రులను ఇమ్మని అడిగినవాడు అజరయ్య. మనమే మొదట మిత్రులమై తలుపు తెరువవచ్చును గదాయని ఆలోచించినవాడు పాల్.

1916లో పాల్ భారత వై.ఎం.సి.ఎ. జాతీయ మండలికి ప్రధాన కార్యదర్శి యయ్యెను. అదివరకు పాశ్చాత్యులే వహించుచు వచ్చిన ఆ పదవిని చేపట్టిన మొదటి భారతీయుడు ఆయనయే. అప్పుల ఊబిలో కూరుకొనిపోయిన గ్రామస్థుల కొరకు సహకార పరపతి సంఘములు, గ్రామ పునర్నిర్మాణ కార్యక్రమములు ఆయన ఆధ్వర్యమున బయలుదేరినవి. ఫ్రాన్సులోను, మెసపొటేమియాలోను పోరాడుచున్న భారతీయ సైనికులయొద్దకు వై.ఎం.సి.ఎ. పనివారు వెళ్ళిరి. ఇవి విస్తారముగా వ్రాయదగిన విషయములే. అయితే విదేశపు నగరమున నిలిచిన ఆయన జ్ఞాపకము లండను గృహమే గనుక దానియొద్దకే పోదము.

ఆ గృహమునకు ముందున్న చరిత్ర తెలియనిదే ఆయన పూనిన పని ఎంత కఠినమో అర్థము కాదు. 1905లో శ్యామ్‌జీ కృష్ణవర్మ లండనులోని హైగేటులో ఇండియా హౌస్ అను విద్యార్థి వసతిగృహమును తెరచెను. అది విప్లవవాదులకు నెలవైనది. 1909 జూలై 1న మదన్‌లాల్ ధింగ్రా అను విద్యార్థి సర్ కర్జన్ వైలీని కాల్చి చంపెను. ఆ హత్య జరిగినది ఒక విందులో. భారతీయులును ఆంగ్లేయులును కలిసి మెలగుటకై ఏర్పరచిన సాయంకాలపు కూటమది! మరుసటి సంవత్సరము ప్రభుత్వమే క్రామ్‌వెల్ రోడ్డు 21వ నంబరు ఇంటిలో భారతీయ విద్యార్థుల కొరకు వసతి ఏర్పరచెను. అచ్చటి ప్రతి గోడకును చెవులున్నవని, తమ మాటలు పోలీసులకు చేరుచున్నవని విద్యార్థులు అనుమానించిరి. ఈ విధముగా ఆ నగరమున విద్యార్థికి ఎవరైన తేనీరు ఇచ్చినను, ఎందుకు ఇచ్చుచున్నారో యని శంకింపవలసిన కాలము వచ్చినది.

పాల్ పూనుకొన్న గృహమునకు ఆ శంకతోపాటు మరియొక శంకయు ఎదురయ్యెను. దాని పేరులోనే క్రైస్తవ శబ్దమున్నది. ఇది మతము మార్చుటకు పన్నిన వల కాదు గదాయని హిందూ, మహమ్మదీయ విద్యార్థులు అడుగుట సహజము. ఈ రెండు శంకలకును పాల్ వాదముతో జవాబు చెప్పలేదు, ఏర్పాటుతోనే చెప్పెను. ఆ గృహము ఇండియా ఆఫీసు క్రింద ఉండలేదు. భారతదేశపు వై.ఎం.సి.ఎ. జాతీయ మండలియే దానికి కర్త. ఏ మతస్థుడైనను అందు ప్రవేశింపవచ్చును. క్రీస్తు నామమును దాచుటయు లేదు, దానిని భోజనమునకు వెలగా అడుగుటయు లేదు.

1920లో ఈ ఇండియన్ స్టూడెంట్స్ యూనియన్ అండ్ హాస్టల్ మొదట వెలసిన స్థలము వింతయైనది. బ్లూమ్స్‌బరీ ప్రాంతమున షేక్స్పియరు స్మారకముగా జాతీయ నాటకశాల కట్టుటకు కొనియుంచిన ఖాళీ స్థలమొకటి యుండెను. యుద్ధకాలములో, 1916లో, న్యూజిలాండు సైనికుల విశ్రాంతికై వై.ఎం.సి.ఎ. అచ్చట తాత్కాలికముగా షేక్స్పియర్ హట్ అను కట్టడమును నిర్మించెను. సైనికులు వెడలిపోయిన పిమ్మట అదే పైకప్పు క్రిందికి భారతీయ విద్యార్థులు వచ్చిరి. తమ కళాశాలలలో షేక్స్పియరు నాటకములను కంఠస్థము చేసినవారికి ఆ మహాకవి పేరిట ఒక తావు దొరకినది!

భోజనశాల, గ్రంథాలయము, ఉపన్యాసములు, వాదోపవాదములు, తేనీటి కూటములు: పైకి చూచిన ఇంతే. అయితే మన దేశమున ఒకే పంక్తిలో కూర్చుండుటకు జంకు వేర్వేరు కులములవారు, మతములవారు, రాష్ట్రములవారు అచ్చట ఒకే బల్లయొద్ద అన్నము తినిరి. బెంగాలీకిని తమిళునికిని పరిచయము కలుగుటకు లండను పోవలసివచ్చుట మనకు సిగ్గో, సంతోషమో! మరియు ఆ తేనీటి కూటములకు ఆంగ్లేయులు అతిథులుగా వచ్చిరి. పిలిచినవారు భారతీయులు, పిలువబడినవారు ఏలికజాతివారు. రాజధానిలో ఈ వరుస తారుమారగుట చిన్న సంగతి కాదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక చివరి అధ్యాయములో అపొస్తలుడైన పౌలు తనకును సంఘమునకును ఆతిథ్యమిచ్చిన గాయియును పేర్కొనుచున్నాడు. అచ్చటి గ్రీకు పదము క్సెనోస్. పరదేశి యనియు, అతిథి యనియు, ఆతిథ్యమిచ్చువాడనియు ఆ ఒక్క పదమునకే అర్థములున్నవి. మన భాషాంతరములలో ఆయా చోట్ల ఒక్కొక్క అర్థమును ఏరుకొనక తప్పదు. ఏరుకొనినప్పుడు తక్కిన రెండును జారిపోవును. లండనులో పరదేశియై యుండియే ఆతిథేయుడైన కె. టి. పాల్ నందు ఆ మూడర్థములును ఒక్కచోట నిలిచినవి.

షేక్స్పియర్ హట్ తాత్కాలిక కట్టడమగుటచే 1923లో హాస్టలు గోవర్ వీధి 112వ నంబరునకు మారెను. హట్ ఉండిన స్థలమున లండను ఆరోగ్య, ఉష్ణమండల వైద్య కళాశాల లేచినది. నాటకశాల మాత్రము అచ్చట రానేలేదు.

పాల్‌ను విమర్శించినవారు రెండు ప్రక్కలను ఉండిరి. యుద్ధకాలమున ప్రభుత్వ సైన్యముల నడుమ పనిచేసిన సంస్థకు నాయకుడు దేశభక్తుడెట్లగునని కొందరు జాతీయవాదులు అడిగిరి. ఈయన జాతీయతను సువార్తతో కలుపుచున్నాడని కొందరు మిషనెరీలు గొణిగిరి. 1927లో ఆయన ప్రకటించిన ది బ్రిటిష్ కనెక్షన్ విత్ ఇండియా అను గ్రంథములో బ్రిటిషు సంబంధమున దైవ సంకల్పమును చూచెను. నేడు ఆ అభిప్రాయముతో ఏకీభవించుట కష్టము. పాలనలోని దౌష్ట్యమును ఆయన తగినంతగా తూచలేదనియే చెప్పవలెను. అయితే స్నేహము సాధ్యమని నమ్మినవాడు గనుకనే ఆయన ఆ గృహమును కట్టగలిగెను. ఆ నమ్మికయే ఆ గ్రంథమునందు ఆయనను కొంత దూరము మోసపుచ్చినది.

రాజకీయములలో ఆయన పట్టుదల ఒక విషయమున చలింపలేదు. క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని, పొరుగువారితో కలిసియే ఓటు వేయవలెనని ఆయన వాదించుచు వచ్చెను. ఒకే బల్లయొద్ద భుజింపవలెనన్నవాడు ఓటు పెట్టెయొద్ద గోడ కట్టుమని యెట్లు చెప్పును? 1930 నవంబరులో మొదటి రౌండ్ టేబుల్ సమావేశమునకు భారతీయ క్రైస్తవుల ప్రతినిధిగా ఆయన మరల లండను వెళ్ళెను. కాంగ్రెసు ఆ సభను బహిష్కరించియుండెను, గాంధీజీ చెరసాలలో నుండెను. అట్టి వేళ వెళ్ళుట ఆయనకు నిందనే తెచ్చెను. సమావేశము 1931 జనవరిలో ముగిసెను. స్వదేశమునకు తిరిగివచ్చిన కొలది కాలమునకే, 1931 ఏప్రిల్ 11న, జన్మస్థలమైన సేలములోనే ఆయన ప్రభువునందు నిద్రించెను. అప్పటికి ఆయన వయస్సు 55 సంవత్సరములు.

గోవర్ వీధి గృహము రెండవ ప్రపంచ యుద్ధమున బాంబులకు కూలిపోయెను. దానికి ప్రతిగా 1950ల తొలి సంవత్సరములలో రాల్ఫ్ టబ్స్ అను శిల్పి రూపకల్పన చేసిన భవనము ఫిట్జ్‌రాయ్ స్క్వేర్ 41వ నంబరులో లేచినది. నేడు అందు భారతీయులేగాక అనేక దేశముల విద్యార్థులు బసచేయుచున్నారు. అందలి సభామందిరమునకు మహాత్మా గాంధీ హాలని పేరు. 1888లో న్యాయశాస్త్రము చదువుటకు లండను చేరి, శాకాహారము దొరకక, సిగ్గుచే మరికొంచెము రొట్టె అడుగలేక, ఆకలితో వీధులు తిరిగిన విద్యార్థి ఆయనయే.