యల్లాప్రగడ సుబ్బారావు: మన ఇంటి మందుల డబ్బాలో ఉన్నా పేరు తెలియని మనిషి

గర్భిణులకు ఆశా వర్కర్ ఇచ్చే ఐరన్, ఫోలిక్ యాసిడ్ మాత్రలు మనలో చాలామంది ఇళ్లలో కనిపిస్తాయి. కోస్తా జిల్లాల్లో బోదకాలు రాకుండా ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా తెలిసిందే. కీళ్లవాతానికి, కొన్ని క్యాన్సర్లకు వాడే మెథోట్రెక్సేట్ గుంటూరు, ఒంగోలు మందుల షాపుల్లో దొరుకుతుంది. ఈ మూడింటి వెనకా ఉన్నది ఒకే తెలుగు మనిషి. ఆయన పేరు యల్లాప్రగడ సుబ్బారావు.

1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. ఇంట్లో డబ్బుకి కటకట. చిన్నప్పుడే డబ్బు సంపాదిద్దామని కాశీకి వెళ్లి అరటిపండ్లు అమ్ముకోవాలని ఇంట్లోంచి పారిపోతే, దారిలోనే పట్టుకుని తీసుకొచ్చారు. మెట్రిక్ మూడోసారికి గాని పాస్ కాలేదు. తల్లి వెంకమ్మ పట్టుదల లేకపోతే చదువు అక్కడే ఆగిపోయేది.

మద్రాసు మెడికల్ కాలేజీలో ఉండగా గాంధీజీ పిలుపు విని ఖద్దరు కట్టారు. అది ఇంగ్లిష్ ప్రొఫెసర్‌కి నచ్చలేదు. చివరికి ఎంబీబీఎస్ బదులు తక్కువ స్థాయి ఎల్ఎంఎస్ సర్టిఫికెట్ చేతిలో పెట్టారు. ఇదే సమయంలో ఇంకో పెద్ద దెబ్బ. ఇద్దరు అన్నదమ్ములు కొద్ది రోజుల తేడాతో స్ప్రూ అనే జబ్బుతో చనిపోయారు. విరేచనాలు ఆగక, రక్తం తగ్గిపోయి మనిషి ఎండిపోయే జబ్బు అది. డాక్టరు చదువు చేతిలో ఉండి కూడా ఏమీ చేయలేకపోయారు. జబ్బుల మూలం వెతకాలన్న పట్టుదల అక్కడే బలపడింది.

మామగారి సాయంతో, కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ ఇచ్చిన డబ్బుతో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. ఆ డబ్బు చాలక రాత్రిళ్లు ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని చేశారు. భార్య శేషగిరి ఇక్కడే ఉండిపోయారు. వాళ్ల పసిబిడ్డ చనిపోయాడు. ఆ దంపతులు మళ్లీ కలుసుకోనేలేదు. ఈ కథలో మందులతో పాటు ఆమె ఎదురుచూపునూ లెక్కేసుకోవాలి.

హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి రక్తంలో, మూత్రంలో ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతి కనిపెట్టారు. 1925లో అచ్చయిన ఆ పద్ధతిని తర్వాత ఎన్నో ల్యాబులు వాడాయి. ఆ కొలతలే ఆయన్ని ఇంకా లోపలికి తీసుకెళ్లాయి. మనం చెయ్యి ఎత్తినా, గుండె కొట్టుకున్నా ప్రతి కణానికీ శక్తి కావాలి. కండరాల్లో ఆ శక్తికి ఆధారమైన ఫాస్ఫోక్రియాటిన్‌ను 1927లో, ఏటీపీని 1929లో వాళ్లు బయటపెట్టారు. జర్మనీలో లోమాన్ కూడా అప్పుడే ఏటీపీని కనుగొన్నారు. ఇవాళ ఇంటర్ బయాలజీ పుస్తకంలో ఏటీపీ ఉంది గానీ సుబ్బారావు పేరు పిల్లలకు పెద్దగా తెలీదు. హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు.

1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లారు. కొద్ది కాలంలోనే పరిశోధన అంతటికీ డైరెక్టర్ అయ్యారు. అసలు పంట అక్కడ పండింది.

1930 ప్రాంతంలో లూసీ విల్స్ అనే డాక్టర్ బొంబాయిలో గర్భిణుల రక్తహీనత మీద పనిచేశారు. సరైన తిండి లేని పేద ముస్లిం ఆడవాళ్లలో ఆ జబ్బు ఎక్కువగా ఉందని గమనించారు. ఈస్ట్ సారం ఇస్తే వాళ్లు కోలుకున్నారు. అందులో ఉన్న ఆ పదార్థమే ఫోలిక్ యాసిడ్. దాన్ని 1945 నాటికి ల్యాబులో తయారుచేసింది సుబ్బారావు బృందం. అన్నదమ్ముల్ని తీసుకెళ్లిన స్ప్రూకి కూడా అది పనిచేస్తుందని తర్వాత తేలింది.

ఫోలిక్ యాసిడ్ కణాలు పెరగడానికి కావాలి. మరి అదుపు తప్పి పెరిగే క్యాన్సర్ కణాలకు దాన్ని అందకుండా చేస్తే? బోస్టన్ డాక్టర్ సిడ్నీ ఫార్బర్‌కు లెడర్లీ అమినోప్టెరిన్ పంపింది. రక్త క్యాన్సర్‌తో ఉన్న 16 మంది పిల్లల్లో 10 మందికి కొంతకాలం జబ్బు తగ్గిందని 1948లో ఫార్బర్ ప్రకటించారు. అంతకుముందు ఆ పిల్లలకు మందే లేదు. దానికి తోబుట్టువు లాంటిది మెథోట్రెక్సేట్. కీళ్లవాతానికి దీన్ని వారానికి ఒక్కసారే వాడాలి, రోజూ కాదు. దాంతోపాటు డాక్టర్లు ఫోలిక్ యాసిడ్ కూడా రాస్తారు. అంటే ఒకే చీటీలో రెండు మందులూ ఆయన ల్యాబువే.

బోదకాలుకు డీఈసీ, ఆరియోమైసిన్ యాంటీబయాటిక్ కూడా ఆయన డైరెక్టర్‌గా ఉన్నప్పుడే వచ్చాయి. బృందం పనిని తన పేరు మీద వేసుకునే అలవాటు ఆయనకు లేదు. 1948 ఆగస్టులో నిద్రలోనే చనిపోయారు. అప్పటికి 53 ఏళ్లు. నోబెల్ రాలేదు. మన దేశం 1995లో తపాలా బిళ్ల వేసింది.

మెట్రిక్ తప్పిన పిల్లాడు ఇంట్లో ఉంటే ఈ కథ చెప్పండి. మిరప కల్లాల్లో, పత్తి చేలల్లో పనిచేసే మన అక్కాచెల్లెళ్లకు ఆశా వర్కర్ మాత్రలిస్తే డబ్బాలో దాచిపెట్టకుండా మింగమనండి. వాటి కోసం ఒక మనిషి జీవితం మొత్తం ఖర్చయింది.